తారు డ్రమ్ముల చాటున

“ఆ గళ్లచొక్కావాణ్ణి కొట్టు. వాడొక్కడు పడితే మిగతావాళ్లు వాళ్లే పోతారు. నువ్వే కాల్చు.”

డీఎస్పీ జీపు దిగకుండానే చెప్పేసి, జీపును వెనక్కి తీయించి వేపచెట్టు నీడలో ఆపించుకున్నాడు. ఎస్సై సుందరరావు “ఎస్, సార్” అన్నాడు. ఆ గొంతులో భయం లేదు, కోపమూ లేదు. సంతకం పెట్టమంటే పెట్టినట్టు అన్నాడు.

తార్నాక నుంచి యూనివర్సిటీ లోపలికి పోయే రోడ్డు అది. అరవైతొమ్మిది జూన్. ప్రత్యేక రాష్ట్రం కావాలని ఆర్నెల్లుగా ఇదే గొడవ. విద్యార్థులు రోడ్డుకు అడ్డంగా కరెంటు స్తంభం పడేసి, దానికి ఆనించి బల్లలు, బండిచక్రాలు పేర్చారు. ముప్పై గజాల ఇవతల పోలీసులు తారు డ్రమ్ములు వరసగా నిలబెట్టుకున్నారు. నడుమ రాళ్లు, ఒంటి చెప్పులు.

గళ్లచొక్కా కుర్రాడు బల్ల మీద నిలబడి అరుస్తున్నాడు. ఇరవై ఏళ్లుంటాయేమో. వెనకనుంచి దోస్తులు “దిగు ఎంకన్నా, దిగుర బయ్!” అని లాగుతున్నా దిగడం లేదు.

సుందరరావు రివాల్వర్ తీశాడు. కోస్తా మనిషి. ఈ స్టేషన్‌కు వచ్చి నెల కూడా కాలేదు. కానిస్టేబుళ్లు అతనితో అవసరమున్నంత మేరకే మాట్లాడతారు.

“సత్తయ్యా,” అన్నాడు పక్కనున్న హెడ్ కానిస్టేబుల్‌తో. “కొత్తగా చేరినవాళ్లకి షూటింగ్ నేర్పేవాడివట కదా. చాటు నుంచి ఎలా కాల్చాలో చెప్పు.”

సత్తయ్య తన అరచేతులవైపు చూసుకున్నాడు. మొన్న ఇంకోచోట కాల్పులైనాక కిందపడ్డ ఒక పిల్లగాణ్ణి అతనే ఎత్తి వ్యాన్‌లో పడుకోబెట్టాడు. అప్పట్నుంచి చేతులు తనవి కానట్టున్నాయి. అన్నం కలిపినా, లాఠీ పట్టినా ఏమీ తెలియడం లేదు.

పాఠం మాత్రం పోలేదు. పదకొండేళ్లు చెప్పిన పాఠం. చాటుకు అతుక్కుపోవద్దు, మూరెడు వెనక నిలబడాలి. పైనుంచి తలెత్తొద్దు, పక్కనుంచి ఒక కన్ను పట్టేంత మేర బయటికి రావాలి. అన్నిటికంటే ముఖ్యం, తుపాకి గొట్టం దేనికీ తగలకూడదు. గట్టి వస్తువుకు ఆనించి కాలిస్తే గొట్టం ఎగురుతుంది, గుండు పైకి పోతుంది.

“డ్రమ్ముకు ఆనుకోండ్రి సార్,” అన్నాడు సత్తయ్య. “ఇంకా దగ్గరికి. ఆఁ, గట్ల. ఇగ గొట్టం అంచు మీద పెట్టుండ్రి.”

“ఆనించనా?”

“ఆనించుండ్రి. చెయ్యి కదలదు. గురి తప్పేదే లేదు.”

సుందరరావు తల తిప్పి అతన్ని చూశాడు. “నిజమేనా?”

“పదకొండేండ్లు నేర్పిన సార్.”

అవతల డ్రమ్ము వెనక ఉన్న కానిస్టేబుల్ చంద్రయ్య నోరు తెరిచాడు. అతను సత్తయ్య దగ్గర నేర్చుకున్నవాడే. సత్తయ్య అతనివంక చూశాడు. చంద్రయ్య నోరు మూసుకుని తన బూట్లవైపు చూసుకున్నాడు.

మొదటి గుండు పేలింది. విద్యార్థుల వెనకున్న చెట్టు కొమ్మల్లోంచి నాలుగు ఆకులు రాలాయి. ఎంకన్న దిగలేదు.

రెండోది ఎటు పోయిందో కూడా తెలియలేదు. రాళ్లు మొదలయ్యాయి. డ్రమ్ము పైకి తల కనబడుతోంది కదా, ఒక రాయి వచ్చి సుందరరావు కనుబొమ్మ మీద తగిలింది. రక్తం చెంప మీదికి కారింది.

సత్తయ్య అతని భుజం పట్టి లాగాడు. “వెనుకకు రాండ్రి సార్! తల కిందికి!”

“నువ్వు చెప్పినట్టే కానిద్దాం,” అన్నాడు సుందరరావు. ఉన్నచోటు నుంచి జరగలేదు. గొట్టం అంచు మీదే పెట్టాడు. మూడు. నాలుగు. అయిదు. ఒక్కో గుండుకూ డ్రమ్ము ఖంగుమంది.

ఆరోది పేలేసరికి అవతల నలుగురు ఎంకన్నను కాళ్లు పట్టి కిందికి లాగారు. అందరూ క్యాంపస్ లోపలికి పరుగెత్తారు. రోడ్డు ఖాళీ అయింది.

సత్తయ్య నడుచుకుంటూ కరెంటు స్తంభం దాకా పోయి చూశాడు. నెత్తుటి చుక్క లేదు. సంతోషం కలుగుతుందేమోనని కాసేపు నిలబడ్డాడు. ఏమీ కలగలేదు. చెవుల్లో హోరు తప్ప.

తిరిగి వచ్చేసరికి డీఎస్పీ జీపు దిగి డ్రమ్ముల దగ్గర నిలబడి ఉన్నాడు. ముఖం కందిపోయింది.

“ఆరు గుండ్లు! ముప్పై గజాలు! ఒక్కటీ తగల్లేదా?”

సుందరరావు జేబురుమాలు కనుబొమ్మకు అదిమిపెట్టుకుని నిటారుగా నిలబడ్డాడు.

సత్తయ్య అడుగు ముందుకేశాడు. ఉద్యోగం పోతుందని తెలుసు. ఆ సంగతి కూడా ఎవరిదో అన్నట్టుంది. “సార్, ఎస్సై సార్‌ది తప్పు లేదు. నేనే...”

“సత్తయ్యా, నువ్వు వ్యాన్ దగ్గరికెళ్లు,” అన్నాడు సుందరరావు. తర్వాత డీఎస్పీ వైపు తిరిగాడు. “గురి కుదరలేదు సార్.”

“గురి కుదరలేదా?” డీఎస్పీ అతని ముఖంలో ముఖం పెట్టాడు. “మూడేళ్ల కింద పోలీసు పోటీల్లో రివాల్వర్‌కి గోల్డ్ మెడల్ నీ మెడలో వేసింది నేనే కదయ్యా!”