ఒక్క అంగుళం

"వదులు చెయ్యవయ్యా! పిల్లకి ఊపిరాడట్లేదు!"

గైడ్ వినలేదు. తన కయాక్ పడవని తండ్రీకూతుళ్ల కయాక్‌కి ఆనించి, పాప లైఫ్‌జాకెట్ పట్టీని మరో అంగుళం లాగాడు. రెండు గట్ల నుంచీ అడవి నది మీదికి వంగి ఉంది. నీళ్లు అద్దంలా నిలకడగా ఉన్నాయి.

"అడుగున గులకరాళ్లు లెక్కపెట్టొచ్చు. గోరంతని కొండంత చేస్తున్నావు," అన్నాడు పాప తండ్రి.

"ఆ మలుపు దాటాక మీ ఇష్టం సార్."

"పొద్దున బయల్దేరినప్పట్నించీ ఇది నాలుగోసారి!" అంటూ తండ్రే పట్టీ మీద చెయ్యి వేశాడు. గైడ్ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"నీకూ ఓ కూతురుంటే తెలిసేదయ్యా, పిల్ల ఏడుస్తుంటే ఎలా ఉంటుందో!"

గైడ్ చెయ్యి వదిలేశాడు. తెడ్డు ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఉండేది సార్. ఇక్కడే, బిగుతుగా ఉంది నాన్నా అని ఇలాగే ఏడ్చింది. చూడలేకపోయాను. నీళ్లు నెమ్మదిగానే ఉన్నాయి కదా అని ఒక్క అంగుళం వదులు చేశాను. నేనే."

మలుపు అవతలి నీటి హోరు తండ్రికి అప్పుడు వినిపించింది.

"జాకెట్ దొరికింది," అన్నాడు గైడ్.

పాప ముక్కు ఎగబీల్చి, పట్టీ కొస గైడ్‌కి అందించింది.

"అంకుల్, ఇంకొంచెం బిగించండి."

గైడ్ వంగాడు. పొద్దుట్నించీ అన్ని పట్టీలు బిగించిన ఆ వేళ్లకి ఈ పట్టీ చిక్కడం లేదు. ఆ వేళ్ల మీద తండ్రి తన చెయ్యి వేశాడు.

ఇద్దరూ కలిసి లాగారు.