గంట తేడా

“మూడున్నర గంటలు,” అన్నాడు కోటిలింగం, అన్నంలో పప్పు కలుపుకుంటూ.

కూతురు హాసిని ఫోనులోంచి తలెత్తింది. “హైదరాబాదు నుంచి సింగపూరుకి నాలుగున్నర గంటలు పట్టుద్దని ఇందులో ఉంది నాన్నా. మూడు వేల మూడొందల కిలోమీటర్లంట.”

“గాలి కలిసొచ్చిందేమోలేవే.”

“గంట ముందే పోయిందా? పైన మేఘాలు ఎట్టా ఉన్నయ్యి?”

“నిద్రపోయా. చూళ్లేదు.”

కోటిలింగానికి నరసరావుపేటలో పురుగుమందుల, విత్తనాల కొట్టుంది. అనుకున్నదానికంటే ఎక్కువ సరుకు అమ్మినందుకు కంపెనీవాళ్లు పెట్టిన టూరు అయిపోయి, అతను ఇల్లు చేరి వారమైంది. ఆ వారంలో అతని భార్య సుబ్బరత్నం, మా ఆయన సింగపూరు వెళ్లొచ్చాడని చెప్పని గడప లేదు ఆ వీధిలో. వినుకొండలో ఉన్న అక్కకైతే రెండుసార్లు చెప్పింది. ఇప్పుడు ఆమె చేతిలో మజ్జిగ గిన్నె అట్లాగే ఆగిపోయింది.

“మూడున్నర గంటల్లో ఏ ఊరొస్తదో చూడమ్మా,” అంది కూతురితో.

హాసిని కాసేపు వెతికింది. “బ్యాంకాకు.”

సుబ్బరత్నం ముఖంలో నెత్తురు చుక్క లేదు. కొట్లవాళ్లు ఇంట్లో సింగపూరని చెప్పి బ్యాంకాకు పోతారనీ, అక్కడ చేయరాని పనులన్నీ చేసి ఏమీ ఎరగనట్టు వస్తారనీ బజారంతా చెప్పుకుని నవ్వుకునే సంగతే. తన ఇంటి దాకా వస్తుందని మాత్రం ఆమె ఏనాడూ అనుకోలేదు.

“హాసినీ, నువ్వు లోపలికి పో.”

పిల్ల వెళ్లాక గొంతు తగ్గించింది. “ఒక్క ఫొటో చూపియ్యమంటే ఫోనులోంచి పోయినయ్యన్నారు. ఇందుకేనా?”

కోటిలింగం కలిపిన అన్నాన్నే మళ్లీ కలిపాడు.

“పక్క కొట్టు శ్రీహరి అన్నయ్య కూడా మీతోనే టూరుకి వచ్చాడుగా. ఆయన్నే అడుగుతా.”

ఆమె నంబరు నొక్కింది. అవతల మోగుతుండగానే కోటిలింగం ఎంగిలి చేత్తో ఫోను లాక్కుని కట్ చేశాడు.

“వాడికెందుకు చెయ్యటం? బ్యాంకాకే.”

“మిగతావి కూడానా?”

అతను కంచంలోకి చూస్తూ తల ఊపాడు. కిందటేడు విత్తనాలు మొలవలేదని రొంపిచెర్ల రైతులు కర్రలతో కొట్టు మీదికొస్తే కుర్చీలోంచి లేవని మనిషి. ఆ ధైర్యం చూసుకునే సుబ్బరత్నం నలుగురిలో మాట్లాడేది. ఆ మనిషి ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోతున్నాడు.

“పిల్ల బళ్లో అందరికీ చెప్పుకుంది. దాని మొహం ఎట్టా చూస్తారు ఇంక?”

“తప్పయిపోయిందే.”

“మా అమ్మోళ్లింటికి పోతున్నాం. నూజెండ్ల బస్సు మాకు తెలుసు, మీరు రావద్దు.”

ఆమె గదిలోకి పోయి గడియ పెట్టుకుంది. లోపల బీరువా తెరిచిన చప్పుడు, హాసిని ఏడుస్తున్న చప్పుడు. కోటిలింగం చెయ్యి కడుక్కుని వీధి మెట్ల మీద కూలబడ్డాడు. తలుపు కొట్టి ఇంకో మాట చెబితే ఇద్దరూ ఆగిపోతారని అతనికి తెలుసు. లేవలేకపోయాడు.

జేబులో ఫోను మోగింది. శ్రీహరి.

“చెల్లాయి ఫోను చేసి కట్ చేసింది. ఏంది బావా?”

“బ్యాంకాకు పోయి తిరిగానని ఒప్పుకున్నా. పుట్టింటికి పోతంది.”



“అదేంది బావా, నువ్వు భయపడి విమానమే ఎక్కలేదుగా.”