వద్దన్న చదువు

మా వీధి గడియారాల మెకానిక్‌ని మోసం చేసేవాడు ఇంకా పుట్టలేదు. ఎవరితోనైనా సరే, పందెం కాస్తాను.

కంటికి ఎప్పుడూ అద్దం బిగించుకుని ఉంటాడని అతన్ని అందరూ భూతద్దం అంటారు. బుద్ధి కూడా అంతే. పాలు చిక్కగా ఉంటే ఏం కలిపారోనంటాడు. పలచగా ఉంటే ఇక చెప్పనే అక్కర్లేదు. నీకే జబ్బూ లేదని డాక్టరంటే, ఏం దాచాడో కనుక్కోవడానికి ఇంకో డాక్టరు దగ్గరికి పరిగెత్తుతాడు.

అతనికి ఒక్కతే కూతురు. చిన్నప్పుడు తండ్రి అద్దం తీసుకుని గులకరాళ్లు చూసేది. చారలు, మెరుపులు, ఏనాటివో పురుగుల అచ్చులు. ఆ పిచ్చి వదల్లేదు. కాలేజీ వయసొచ్చాక భూగర్భశాస్త్రమే చదువుతానని పట్టుబట్టింది.

"రాళ్లు కొట్టడానికి యూనివర్సిటీ ఎందుకే? సుత్తి నేను కొనిస్తా" అన్నాడు భూతద్దం. కామర్సని తేల్చేశాడు. పిల్ల ఎంత బతిమాలితే అంత అనుమానం, దీనికెవరో ఎక్కించారని.

చేరడానికి ఆఖరి రోజు వచ్చింది. కామర్సు వాళ్ల క్యూ మెట్లు దిగి రోడ్డెక్కింది. ఎదుటి వరండా ఈగలు తోలుకుంటోంది. భూగర్భశాస్త్రం బోర్డు కింద, స్టూలు మీద, దుమ్ము కొట్టుకుపోయిన బూట్లతో ఒక మనిషి కూర్చుని రాయిని నాలుకతో తాకి చూస్తున్నాడు. మెడలో తాడుకి చిన్న అద్దం.

భూతద్దం కాళ్లు ఆగిపోయాయి. అటెండరు మెడలో అద్దమెందుకు?

"ఏమయ్యా, ఇక్కడెవరూ చేరరా?"

"చేరకపోతేనే సుఖం సార్. అమ్మాయినా? వద్దు, కామర్సుకి పొండి."

ఆ మనిషి కష్టాలు ఏకరువు పెట్టాడు. ఇది చదివినవాళ్లని కాలు నిలవనివ్వరట. బోరెక్కడ వెయ్యాలో చూపించమని జనం వెంటపడతారట. సొరంగం తవ్వాలన్నా, ఆనకట్ట కట్టాలన్నా, వీళ్లు రాయి చూసి సరేననేదాకా పెద్ద పెద్ద ఇంజినీర్లు ఎదురుచూస్తారట, అదో మొహమాటం. చమురు కంపెనీలవాళ్లు హెలికాప్టరెక్కించి నడిసముద్రంలో దింపుతారట, కడుపులో తిప్పుతుందట. గనులవాళ్లయితే పరీక్షలు కాకముందే గుమ్మంలో కాచుకుని కూర్చుంటారట.

"ఇన్ని బాధలెందుకు సార్ ఆడపిల్లకి?" అన్నాడు చివరికి.

పిల్ల తల వంచుకుంది. "పద నాన్నా. ఆయన మన మంచికే చెబుతున్నాడు. క్యూ పెరిగిపోతోంది."

"ఊరుకో. అడక్కుండా మన మంచి చెప్పేవాణ్ని నేనింతవరకు చూళ్లేదు."

పక్కకి లాగి చెవిలో లెక్క చెప్పాడు. మెడలో అద్దం, ఖాళీ వరండా, వచ్చినవాళ్లని తరిమెయ్యడం. లోపల ఏదో గట్టిదే ఉంది. సీట్లు సొంతవాళ్లకి అట్టే పెట్టుకున్నారు.

"నాకు భయంగా ఉంది నాన్నా."

"నేనుండగా నీకు భయమేంటి?"

దరఖాస్తులో కామర్సు కొట్టేశాడు. పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లాడు. ఆ మనిషి రెండు చేతులూ అడ్డం పెడితే పక్కకి నెట్టి మరీ వెళ్లాడు. పని అయ్యాక బయటికొచ్చి, అతని ముందు నిలబడి మీసం దువ్వాడు.

ఇప్పుడా అమ్మాయి కొండల్లో సొరంగాల దగ్గర ఉద్యోగం చేస్తోంది. గడియారం బాగుచేయించుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ భూతద్దం ఈ సంగతి చెబుతాడు. ఆ అటెండరు మాట విని ఉంటే పిల్ల బతుకేమయ్యేదో అంటాడు.

ఇందులో నేను కల్పించింది ఆ స్టూలొక్కటే. ఆయన కూర్చున్నది తన సొంత కుర్చీలో, శాఖాధిపతి కుర్చీలో, ముందురోజే వచ్చి దాన్ని వరండాలోకి లాగి పెట్టి, ఎలా వద్దనాలో ఆయనకి నేర్పి వెళ్లింది భూతద్దం ఇంట్లోనే పుట్టిన ఆ పిల్ల.