పక్క మంచం గొంతు

“హ్యెమ్,” అన్నాడు విల్ఫ్.

పక్షవాతం వచ్చాక అతని నోట వచ్చిన మొదటి మాట అది. ఇంటికి పోదామంటున్నాడు.

సంతోషించాల్సింది పోయి, రోజలిండ్ మొహం మాడ్చుకుంది.

“హ్యెమ్ ఏమిటి విల్ఫ్? హోమ్. హోమ్ అను.”

విల్ఫ్ నోరు మూసేసుకున్నాడు.

అతను పుట్టింది ఇంగ్లండు ఉత్తరాన, బొగ్గు గనుల ఊళ్ళో. అక్కడివాళ్ళ నోట ‘హోమ్’ అన్న మాట ‘హ్యెమ్’ అవుతుంది. ఆ యాస తన పుట్టింట్లో వినబడితే తల కొట్టేసినట్టుంటుందని, పెళ్ళయిన కొత్తలోనే అతన్ని రేడియో ముందు కూర్చోబెట్టింది రోజలిండ్.

“ఎడ్విన్ రాడ్‌బోర్న్ వార్తలు ఎలా చదువుతున్నాడో విను. అలా మాట్లాడాలి.”

పాపం, నేర్చుకున్నాడు. రిటైరై ఈ స్పెయిన్ తీరానికి వచ్చాక, క్లబ్బులో ఇంగ్లీషువాళ్ళెవరూ అతనిది ఏ ఊరో పోల్చుకోలేకపోయారు. ఆమెకు అదే గొప్ప.

ఇన్నేళ్ళ కష్టం ఇప్పుడు ఈ ఆసుపత్రిలో పక్క మంచం మనిషి వల్ల బూడిదలో పోసిన పన్నీరయింది.

అతని పేరు టెడ్. మెడకు కట్టు, బొంగురు గొంతు. అదే గనుల సీమ యాస. ఒక్క క్షణం ఊరుకోడు.

“ఏటిరా విల్ఫూ, అలా సూస్తన్నావు? మా నాయన పావురం సంగతి సెప్పీనా? పందెంలో వదిలితే మా ఇంటికి రాకుండా సారాకొట్టుకి పోయీది. మా నాయన అక్కడే ఉంటాడని దానికి తెలుసు మరి.”

విల్ఫ్ సగం మూతితో నవ్వాడు.

రోజలిండ్‌కు ఒళ్ళు మండింది.

“చూడండి, ఆయనతో అలా మాట్లాడకండి. నేను నేర్పుతుంటే మీరు పాడు చేస్తున్నారు.”

“పాడు సేయడమేటి తల్లీ? ఒక మాట నువ్వు నేర్పినావు, ఒక మాట ఆళ్ళమ్మ నేర్పింది. అమ్మ మాటే ముందు లేస్తాది. దాన్ని రానీ.”

“మాట తీరు గురించి మీకేం తెలుసని?”

టెడ్ మెడ కట్టు తడుముకుని నవ్వాడు. “అదీ నిజమేలే. ఈ గొంతు ఉన్నన్నాళ్ళూ వాడుకోనీ తల్లీ.”

ఆ మాటకు అర్థమేమిటని కూడా ఆమె అడగలేదు. నేరుగా నర్సు ఎంకర్నా దగ్గరికి వెళ్ళింది.

“మాకు వేరే గది కావాలి.”

“ఎందుకు సెన్యోరా? ఆయన మీవారితో చక్కగా మాట్లాడుతున్నాడు కదా?”

“మాట్లాడుతున్నాడనే.”

సాయంత్రానికి గది మారింది. మంచం తోసుకెళ్తుంటే విల్ఫ్ బాగున్న చేత్తో తలుపు పట్టుకున్నాడు. ఆ వేళ్ళు రోజలిండే విడదీసింది.

కొత్త గదిలో ఆమె పట్టుదలగా మొదలుపెట్టింది. “హోమ్. వాటర్. బ్రెడ్.”

విల్ఫ్ గోడవైపు తిరిగాడు. మర్నాడూ అంతే. సూపు తాగించబోతే పెదవులు బిగించాడు.

“మాట మొదలెట్టిన మనిషి ఎందుకు ఆపేశాడు?” డాక్టరు విసుక్కున్నాడు. “మాట ఇప్పుడే రావాలమ్మా. ఇప్పుడు రాకపోతే తర్వాత చాలా కష్టం.”

రోజలిండ్‌కు ఏడుపొచ్చింది. ఎవరి మీద కోపమో కూడా తెలియలేదు. చివరికి తలుపు మూసి, మొగుడి చెవి దగ్గర వంగి, “హ్యెమ్,” అంది.

ఆమె నోట అది వెక్కిరింపులా వచ్చింది. విల్ఫ్ కళ్ళు మూసుకున్నాడు.

ఇక అభిమానం చంపుకుని పాత గదికి వెళ్ళింది. టెడ్ మంచం ఖాళీగా ఉంది. ఎంకర్నా దుప్పటి మారుస్తోంది.

“ఆయనేరీ? ఒక్కసారి మావారితో మాట్లాడమని అడుగుదామని వచ్చాను.”

“పొద్దున్నే ఆపరేషన్‌కు తీసుకెళ్ళారు సెన్యోరా. స్వరపేటిక తీసేస్తారు. ఇక మాట ఉండదు.”

“అందుకేనా ఆ మెడ కట్టు?” అంది రోజలిండ్.

“గొంతు నొప్పి, మాట్లాడొద్దని డాక్టరు ఎంత చెప్పినా విన్నాడా? మీవారికి మాట వచ్చేదాకా ఊరుకోనన్నాడు. మీరు వెళ్ళిపోయాక మాత్రం మళ్ళీ నోరు విప్పలేదు.”

“నాకు తెలియదు. నిజంగా తెలియదు.”

ఎంకర్నా ఆశ్చర్యంగా చూసింది.

“తెలియకపోవడమేమిటి? మీ దేశంలో ఆ గొంతు ఎరగనివాళ్ళు లేరని వాళ్ళమ్మాయి చెప్పిందే. ఇంట్లో వాళ్ళకు టెడ్ గానీ, అన్నేళ్ళు రేడియోలో వార్తలు చదివిన ఎడ్విన్ రాడ్‌బోర్న్ ఈయనేనట సెన్యోరా.”