పెరిగిన జీతం

"జనవరి ఒకటి నుంచి ఎవరికైనా కనీస జీతం గంటకి పదిహేను డాలర్లట కర్టిస్! కొత్త చట్టమట. రేడియోలో చెప్పారు," అంటూ బేకరీలోకి వచ్చింది అర్లీన్. ఊళ్ళో ఫ్రిజ్‌ల ఫ్యాక్టరీ మూతపడ్డాక, అరవయ్యేళ్ళ ఆవిడకి దొరికిన పని ఇదొక్కటే.

యజమాని కర్టిస్ తల ఎత్తలేదు. "మీకూ టీనాకీ ఇద్దరికీ ఆ జీతం ఇచ్చుకోలేను అర్లీన్ గారూ. టీనాకి చంటిపిల్ల ఉంది. అందుకని... ఈ శనివారంతో మిమ్మల్ని మానిపించాల్సి వస్తోంది."

అర్లీన్ చేతిసంచీ బల్ల మీద పెట్టింది.

"పాత జీతమే ఇవ్వు. నేనేమైనా పెంచమని అడిగానా?"

"కుదరదు. చట్టం ఒప్పుకోదు."

"నా ఇష్టంతోనే చేస్తున్నానని కాగితం మీద సంతకం పెట్టి ఇస్తాను."

"తక్కువకి చేస్తాననే హక్కు మీకు లేదు. నాకు జరిమానా వేస్తారు."

"నేను ఒప్పుకుంటే వాళ్ళకేం నొప్పి? అసలు ఎవరి కోసం చేశారయ్యా ఈ చట్టం?"

"మీ కోసమే."

ఈ చట్టం చిన్న కొట్ల పీక నొక్కుతుందని, ఉన్న పనులు కూడా పోతాయని ఏడాదిగా కర్టిస్ వచ్చినవాళ్ళందరితో వాదిస్తూనే ఉన్నాడు. అర్లీన్ నవ్వి, "పిసినారి గోల" అనేది. చివరికి అతని మాటే నిజమైంది. కానీ ఇవాళ ఆ మాట పైకి అనడానికి అతనికి నోరు రాలేదు.

ఆవిడే అంది. "నువ్వు చెబుతూనే ఉన్నావు. నీ డబ్బు కోసం ఏడుస్తున్నావనుకున్నాను. నా గురించేనని తెలియలేదు."

శనివారానికి ఇంకా మూడు రోజులున్నాయి. ఆవిడ పిండి కలపడానికి లోపలికి వెళ్ళింది.