సోలాపూర్ తంగేడు

మోడెం కీచుమని అరిచి, గరగరమని గొంతు సవరించుకుని, ఠక్కున ఆగిపోయింది.

"మళ్ళా పాయె!" నెత్తి పట్టుకున్నాడు అతుల్.

ముంబై కామాఠిపుర ఏడో గల్లీలో అతని ఎంబ్రాయిడరీ దుకాణం. ఎల్లుండే సద్దుల బతుకమ్మ. పక్కనే చాల్‌లో, ఆ ఇరుకు గదుల వరుసల్లో ఉండే తెలుగు ఆడవాళ్ళు బతుకమ్మల వెనక కట్టే పరదా మీద ఏటా కొత్త పూలు కుట్టివ్వడం అతని వంతు.

ఆ పూలు గీసేది సోలాపూర్ మాస్టర్.

ఒకసారి మెయిల్‌లో పంపిన డిజైన్ ఎవరో దొంగిలించి, ఫాక్‌లాండ్ రోడ్డు పొడవునా అమ్ముకున్నారు. అప్పటినుంచి మాస్టర్‌కి మెయిల్ అంటే నమ్మకం పోయింది. డిజైన్ ఏదైనా సరే ఆ కంప్యూటర్ నుంచి ఈ కంప్యూటర్‌కి, పాత మోడెం గుండా ఫోన్ లైను మీదే రావాలి.

"పంపుతున్నా" అని తెర మీద పడుతుంది. "అందింది" అని అతుల్ కొడతాడు. అంతే. ఇన్నేళ్ళలో మాస్టర్ గొంతు కూడా వినలేదు.

పోయిన వారం కంపెనీవాళ్ళు పాత తీగ కోసేసి, ఫోన్‌ని ఇంటర్నెట్ డబ్బాకి తగిలించిపోయారు. మాటలు గంట కొట్టినట్టు వినిపిస్తున్నాయి. మోడెం మాత్రం కలవడం లేదు.

"ఈ లైను మాటలకు, కాకా. అరుపులకు కాదు," అని చేతులు దులుపుకున్నాడు కంపెనీ మనిషి.

గుమ్మంలో ఎవరో నవ్వారు. చేతిలో సంచితో ఒక ముసలామె.

"ఎందుకు నవ్వుతున్నవ్ మౌశీ?"

"ఆ కూత వింటే నవ్వొచ్చింది బిడ్డా. నేనెందుకొచ్చిన్నంటే..."

"జాకెట్ పనైతే పండుగ అయినంక. ఇయ్యాల మాస్టర్ డిజైన్ తప్ప ఇంకో ముచ్చట లేదు. కూసో."

ఆమె కూర్చుంది. చేతులు ఊరుకోలేదు కాబోలు, బల్ల మీది కత్తెర తీసుకుని పరదా అంచున వేలాడే దారాలు కత్తిరించసాగింది.

ఇంతలో అంజమ్మ ఊడిపడింది. చాల్‌లో బతుకమ్మ ఆమె లేనిదే కదలదు.

"అతుల్, పూలేవిరా? ఈసారి ఉత్త గుడ్డ కడ్తమా?"

"మాస్టర్ పంపుతడు అత్తా, జర ఆగు."

మళ్ళీ డయల్ చేశాడు. కీచు. గరగర. ఠక్.

"ఎందుకట్ల తరుముతవ్?" అంది ముసలామె. "తరిమితే ఎవరైనా తడబడ్తరు. మెల్లగ అడుగు."

అతుల్‌కి చిర్రెత్తుకొచ్చింది. అయినా చెయ్యి మాత్రం సెట్టింగుల మీదికి పోయింది. మోడెం వేగం సగం చేశాడు. అందులోనూ సగం చేశాడు.

ఈసారి కీచు సాగింది. గరగర సాగింది. ఆ తర్వాత మోడెం నోరు మూసుకుంది.

నోరు మూసుకుందంటే కలిసినట్టే!

తెర మీద "పంపుతున్నా" అని పడింది. చీమల బారులా, మెల్లమెల్లగా డిజైన్ దిగింది.

"తంగేడు!" అంజమ్మ కేకకి గల్లీ అంతా గుమ్మం ముందు పోగైంది. "అసలు పువ్వు పాలమూరు బస్సుల ఈడికి వచ్చేసరికి సగం వాడుతది. ఇగ ఇది వాడదురా!"

ఎంబ్రాయిడరీ మిషన్ మొదటి కొమ్మ కుట్టింది. పరదా మీద పసుపుపచ్చ పూలు విచ్చుకున్నాయి. ఆడవాళ్ళు ఆగలేకపోయారు. పాట ఎత్తుకుని, చప్పట్లు కొడుతూ దుకాణం ముందే ఒక చుట్టు తిరిగారు. ముసలామె కూడా చెప్పులు విడిచి వాళ్ళతో తిరిగింది.

తిరిగొచ్చి, వంగి, కుట్టుని వేలితో తడిమింది.

"పువ్వు మంచిగొచ్చింది. ఆకులే జర బరువైనయ్."

"మౌశీ! మాస్టర్ పనికి వంక పెట్టకు," అన్నాడు అతుల్. "ఆయన ఆకుల ఒక్క కుట్టు ఎక్కువుండది, ఒక్కటి తక్కువుండది. కనిపిస్తే కాళ్ళు మొక్కాలె అసుంటి మనిషికి."

ముసలామె కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"గట్లనా బిడ్డా! మంచిది. నాకు బండి టైమైంది."

"ఛాయ్ తాగి పో మౌశీ," అన్నాడు, మిషన్ మీంచి తల ఎత్తకుండానే.

తల ఎత్తేసరికి ఆమె లేదు.

పరదా పూర్తవుతుండగా ఫోన్ మోగింది. ఆడపిల్ల గొంతు, పక్కన నిలబడి మాట్లాడినంత స్పష్టంగా.

"అతుల్ కాకానా? సోలాపూర్ నుంచి పూనంను మాట్లాడుతున్న. నేను పంపిన డిజైన్ అందిందా?"

"అందింది బిడ్డా! మా చాల్ అంతా సంబరం చేసుకుంటుంది. మాస్టర్‌కు నా దండం చెప్పు."

"మీరే చెప్పుండ్రి కాకా. లైను కలుస్తలేదు, దుకాణం నడుస్తుందో లేదో సూసొస్తనని పొద్దున బండెక్కి మీ కాడికే వచ్చింది గద, మా నానమ్మ."