సగంలో ఆగిన దరువు

పిలుపు దరువు కీబోర్డులోకి ఎక్కింది. సాగనంపు దరువు సగంలో ఆగిపోయింది.

లాప్‌టాప్ తెర మీద నీలిగీత ఎంతకీ ముందుకు జరగడం లేదు. భాస్కర్ పాటలు వాయించే కీబోర్డు వైరు పీకి మళ్ళీ గుచ్చాడు. గీత మొదటికొచ్చి, పాకుతూ పాకుతూ వచ్చి, మళ్ళీ అక్కడే ఆగింది. గుమ్మంలో నిలబడ్డ దానమ్మకి ఆ గీత ఏమిటో తెలియదు గానీ, కొడుకు నొసటి మీద ముడిపడితే ఏమిటో తెలుసు.

"ఆగిపోనాది కదరా" అంది.

"కంప్యూటర్లో ఉన్న సౌండు దీన్లోకి రావాలమ్మా. ఒకటొచ్చింది. రెండోది రానంటంది. నువ్వు కంగారు పెట్టకు."

కంగారు పెట్టకు అంటే ఎలా? మొదటిది సరిగ్గా వచ్చిందో లేదో చూద్దామని వాడే కదా ఇందాక కీబోర్డు మెట్టు నొక్కాడు. అమ్మోరిని పిలిచే దరువు నట్టింట్లో, అంత పెద్ద స్పీకర్లో, గోడలు అదిరేలా మోగింది. పండగనాడు ఊరి పొలిమేరలో తప్ప ఇంకెక్కడా వాయించని దరువది. డప్పు కొట్టే నూకయ్య తాతకి చెయ్యి పడిపోయింది కనక, నిరుడు రికార్డు చేసిన ఆయన దరువులనే మంగళవారం పండగకి కీబోర్డు మీద వాయిస్తానని భాస్కర్ ఊరి పెద్దలకి మాటిచ్చాడు. బాగానే ఉంది. కానీ పిలిస్తే అమ్మోరు వస్తుంది. వచ్చాక సాగనంపు దరువు పడేదాకా కదలదు. సముద్రం ఒడ్డున ఆ పల్లెలో పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి.

దరువు మోగిన కాసేపటికే లోపలి గదిలో కూతురు హేమ చలి చలి అంటూ ముడుచుకుపోయింది. పొద్దున్న ఎండుచేపలు తిరగేస్తూ అన్నని ఆటపట్టించిన పిల్ల. దానమ్మ నుదురు ముట్టుకొని చెయ్యి వెనక్కి లాక్కుంది. మాత్ర వేసింది, తడిగుడ్డ వేసింది. ఒళ్ళు కాలిపోతూనే ఉంది.

ఆటో తెస్తాను, ఆసుపత్రికి పట్టుకుపోదాం అన్నాడు భాస్కర్. దానమ్మ ఒప్పుకోలేదు. అమ్మోరు ఇంట్లో కూర్చుని ఉండగా పిల్లని గడప దాటిస్తే, పిల్ల వెనకాలే తనూ బయల్దేరుతుంది. ఆ తర్వాత ఏ డాక్టరు మాత్రం ఏం చెయ్యగలడు? వాకిట్లో జనం, చాప మీద పిల్ల, అంతదాకా ఆమె కళ్ళముందు కనబడిపోయింది.

"ముందు సాగనంపు కొట్టు. అప్పుడు తే ఆటో."

"ఇది వట్టి సౌండే అమ్మా."

"అమ్మోరొచ్చేది సౌండుకే కదరా."

భాస్కర్ ఇంకో వైరు వెతికి పెట్టాడు. కీబోర్డు ఆపి, మళ్ళీ ఆన్ చేశాడు. లోపల హేమ మూలుగు పెద్దదైంది. వాడు తల్లి మొహం వైపు చూశాడు, లోపలి గది వైపు చూశాడు, లాప్‌టాప్ మూత వేసేశాడు.

"ఎక్కిందమ్మా. సెవులు మూసుకో."

సాగనంపు దరువు ఆడవాళ్ళు వినకూడదు. పండగనాడు ఆ వేళకి ఆడవాళ్ళంతా తలుపులేసుకొని చెవులు మూసుకుంటారు. దానమ్మ పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారీ వినలేదు. రికార్డు చేసింది కూడా భాస్కర్ తన చెవుల్లో వైర్లు పెట్టుకొని వినడమే గానీ ఇంట్లో పైకి వినిపించలేదు. ఆమె కొంగుని చెవుల మీదుగా బిగించి కట్టి, పైన అరచేతులు అదిమి, గోడవైపు తిరిగి కూర్చుంది. తన గుండె కొట్టుకోవడం తప్ప ఏమీ వినబడలేదు. ఓరకంట చూస్తే వాడి వేళ్ళు మెట్ల మీద ఆడుతున్నాయి. కాసేపటికి వాడు భుజం తట్టాడు.

దానమ్మ లేచి, దేవుడి మూల నుంచి గడప దాకా పసుపునీళ్ళు చల్లుకుంటూ వెళ్ళింది. మిగిలిన నీళ్ళు సముద్రం వైపు విసిరి, మంగళవారం పండక్కి రా తల్లీ, ఇప్పటికి వెళ్ళు అని దండం పెట్టింది.

భాస్కర్ ఆటో కోసం చెప్పులు వేసుకుంటుంటే లోపలినుంచి హేమ పిలిచింది. ఆకలేస్తోందట.

దానమ్మ పరుగెత్తుకెళ్ళింది. పిల్ల లేచి కూర్చుని ఉంది. ఒళ్ళంతా చెమట, నుదురు చల్లగా ఉంది. గబగబా పళ్ళెంలో గంజి పోసి తెచ్చి, తినిపించబోతూ, ఉన్నట్టుండి ఆగింది.

"ఒసే, సెవులు మూసుకున్నావేటి?"

"సేతులు లెగనేదమ్మా. ఇన్నాను."

దానమ్మ పళ్ళెం పిల్ల ముందు పెట్టేసింది. విన్న ఆడపిల్లకి ఏమవుతుందో తనకెవరూ చెప్పలేదు. విన్నవాళ్ళంటూ ఎవరైనా ఉంటే కదా చెప్పడానికి.

గుమ్మంలోంచి భాస్కర్ నవ్వుతూ లోపలికొచ్చాడు. "ఏటిన్నావే నువ్వు? సెప్పు సూద్దాం."

హేమ గంజి పళ్ళెం అంచు మీద వేళ్ళతో కొట్టి చూపించింది. మెల్లగా రెండు. ఆగి, ఒకటి. మళ్ళీ మెల్లగా రెండు. ఎవరో నడుచుకుంటూ దూరమైపోతున్నట్టు, చివరికి వచ్చేసరికి దెబ్బలు సన్నగిల్లి సన్నగిల్లి వినబడకుండా పోయాయి.

"ఇలాగే కదన్నియ్యా కొట్టావు?"

భాస్కర్ మొహంలో నవ్వు లేదు.

"అదే దరువు" అన్నాడు. "కానీ అది దీన్లోకి ఎక్కనే నేదమ్మా. నేను స్పీకరు కట్టేసి, ఊరికే సేతులాడించాను."